మల్లేరు కట్టచెవి

ప్రదర్శన పదకొండు గంటలకు. పదీ ఇరవైకే కంప్యూటర్ తెర మీద గీత ఎర్రబడింది.

ఇందుమతి ముందు తన కళ్లను అనుమానించింది, తర్వాత కేబుల్‌ను. రెండూ బాగానే ఉన్నాయి.

"పున్నయ్యగారూ, ఇది మనం ప్రదర్శనకు పెట్టుకున్న సిగ్నల్ కాదు. నిజంగానే కట్టలో మట్టి కదులుతోంది."

బసవపున్నయ్య ఇంజనీర్ల సంఘం మల్లేరు శాఖకు కార్యదర్శి. రిటైరై పన్నెండేళ్లయింది. మల్లేరు రిజర్వాయర్ మట్టికట్ట ఆయన చేతుల మీదుగా లేచిందే. అతిథులకు కుర్చీలు వేయిస్తున్న మనిషి గిర్రున తిరిగాడు.

"నా కట్టలోనా? ముందు మీ యంత్రం చూసుకోండమ్మా."

ఇందుమతి తయారుచేసిన ఆ యంత్రం పేరు కట్టచెవి. మట్టికట్ట పైనుంచి పొంగి తెగితే అందరికీ కనిపిస్తుంది. లోపలినుంచి తెగితే కనిపించదు. నీరు ఎక్కడో సన్నని దారి చేసుకుని మట్టిరేణువుల్ని మోసుకుపోతూ ఉంటుంది. దారి వెడల్పవుతుంది, ఒకనాటికి కట్ట కూలుతుంది. ఆ రేణువులు ఒరుసుకునే చప్పుడు మనిషి చెవికి అందదు. అందుకే ఇందుమతి కట్ట పొడవునా వెంట్రుకంత గాజు ఫైబర్ పాతించింది. అందులో పరిగెత్తే కాంతి ఆ చప్పుడుకు వణుకుతుంది. ఆ వణుకును బట్టి ముప్పు ఎక్కడుందో, ఎంత వ్యవధి ఉందో కంప్యూటర్ లెక్కకడుతుంది.

ఇప్పుడది యాభై నిమిషాలంటోంది.

ఇద్దరూ కట్ట అడుగుకు దిగారు. రాళ్ల సందులోంచి ఊట వస్తోంది. పున్నయ్య దోసిలి పట్టాడు. తేటనీరైతే ఏ కట్టకైనా మామూలే. దోసిట్లో ఉన్నది బురద. అది కట్ట లోపలి మట్టేనని ఆయనకు ఏ యంత్రమూ చెప్పనక్కర్లేదు.

ఇందుమతి డ్యామ్ ఆఫీసుకు ఫోన్ చేసి గేట్లు ఎత్తమంది, సైరన్ నొక్కింది. కట్ట కింద గేట్ల కాలనీలో రెండు వందల ఇళ్లు. సైరన్ ఊరంతా మార్మోగింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

వారం కిందట సంఘం ఇంటింటికీ పంచిన కాగితం ఆ ఇళ్లన్నిటిలోనూ ఉంది. "మా రాబోయే కార్యక్రమాలు. ఈ ఆదివారం కట్టచెవి ప్రదర్శన. సైరన్ మోగును. సంఘ సభ్యులు నిజమైన ప్రమాదంలాగే పరుగున వచ్చి హెచ్చరింతురు. ఎవరూ కంగారు పడవద్దు. వచ్చే ఆదివారం విద్యార్థులకు వ్యాసరచన పోటీ." రాసింది పున్నయ్యే.

ఇద్దరూ కాలనీలోకి పరిగెత్తారు. మొదటి వీధిలో కోటమ్మ ఇడ్లీలు దించుతోంది.

"కోటమ్మా, కట్ట తెగుతోంది! పిల్లల్ని తీసుకుని బడి గుట్ట ఎక్కండి!"

"మా కోడలు కాగితం చదివింది మేడమ్. నిజంలాగే చెబుతారని రాశారుగా. బాగా చెబుతున్నారు. రెండు ఇడ్లీ తినిపోండి."

"ప్రదర్శన కాదమ్మా, ఒట్టు!"

"అబ్బ, ఒట్టు కూడా పెడుతున్నారే!"

పక్కింటివాళ్లు చప్పట్లు కొట్టారు. ఎవరో ఫోన్‌లో వీడియో తీస్తున్నారు. ఇందుమతి ఒకామెను చెయ్యి పట్టి లాగింది; ఆమె పకపకా నవ్వింది. ఇంకా ముప్పై మూడు నిమిషాలు. ఏ మాట చెప్పినా అది కాగితంలో ఉన్న మాటే అవుతోంది.

అప్పుడు పున్నయ్య కోటమ్మ పొయ్యి ముందు కూలబడ్డాడు.

"ఆ కట్ట కట్టించింది నేనమ్మా. నల్లమట్టి మలుపు దగ్గర వానలు ముంచుకొస్తున్నాయని మట్టి గట్టిపడేలా రోలర్ తిప్పించకుండానే పైకి లేపేశాను. పాతికేళ్లుగా ఎవరికీ చెప్పలేదు, మా ఇంట్లో కూడా. మీరంతా నా తప్పు కింద కాపురాలు చేస్తున్నారు." డెబ్భై ఏళ్ల మనిషి నలుగురిలో వెక్కి వెక్కి ఏడ్చాడు.

కోటమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. పొయ్యి ఆర్పేసింది.

"లేవండర్రా! సామాన్లొద్దు, పిల్లల్నెత్తుకోండి!"

పాతిక నిమిషాల్లో కాలనీ ఖాళీ అయింది. లేవలేనివాళ్లను మంచాలతో సహా మోశారు. గుట్ట మీద జనమంతా కట్టవైపే చూస్తూ నిలబడ్డారు.

కట్ట తెగలేదు.

నీరు చొరబడిన కంత కట్ట పైభాగంలో ఉంది. గేట్లు ఎత్తడంతో నీటిమట్టం అడుగున్నర దిగి, కంత నోరు బయటపడింది. కంప్యూటర్ తన లెక్క చెరిపేసుకుని 'వ్యవధి చెప్పలేం' అంది. అంటే ఏడాది కావచ్చు, రేపటి వాన కావచ్చు.

ఇందుమతి అదే మాట మైకులో చెప్పింది. ఎవరూ వినలేదు. అందరూ నవ్వుకుంటూ గుట్ట దిగుతున్నారు.

"సారూ, ఆ ఏడుపు మాత్రం," అంది కోటమ్మ, "నిజమేననుకున్నాం తెలుసా!"

"నిజమేనమ్మా."

"ఇదిగో, మళ్లీ మొదలెట్టారు!"

సంఘం ప్రధాన కార్యాలయం నుంచి అభినందన వచ్చింది. మిగతా శాఖల్లోనూ ఇదే ప్రదర్శన ఇవ్వాలట, వీడియోలో ఏడ్చిన ఆ పెద్దాయనతో సహా.

పున్నయ్య తన తప్పును రాతపూర్వకంగా డ్యామ్ ఆఫీసులో ఇచ్చాడు. మరమ్మతు వానలు వెళ్లాకేనన్నారు. ఇందుమతి మూడు రోజులు గడప గడపా తిరిగింది. పదకొండు కుటుంబాలు మాత్రం చుట్టాలిళ్లకు వెళ్తామని మూటలు కట్టుకున్నాయి.

"మిగతావాళ్లు కదలరు. నేనే కాలనీలో ఉంటాను," అన్నాడు పున్నయ్య. "ఈసారి గీత ఎర్రబడితే తలుపులు కొట్టడానికి ఒక్కడైనా ఉండాలిగా." కోటమ్మ పక్కగదిలో మంచం వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున ఇందుమతి వచ్చేసరికి ఆ పదకొండు కుటుంబాల కోసం వచ్చిన ట్రాక్టర్ వీధిలో ఆగి ఉంది. ఎక్కించిన సామాన్లు దించుతున్నారు.

"ఏమైంది?"

"కట్టిన ఇంజనీరే కట్ట కిందకొచ్చి కాపురం పెట్టాడు. ఇంకేం భయం మేడమ్?" అంది కోటమ్మ.

పున్నయ్య గదిలోంచి పరుగున వచ్చాడు. దించుతున్న మంచాన్ని రెండు చేతులా పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి తిరిగి ట్రాక్టర్‌లోకి నెట్టసాగాడు.

మంచం అవతలి కోడు పట్టుకున్నతను మర్యాదగా అన్నాడు: "మీకెందుకు సారూ శ్రమ. మేం దించుకుంటాంలెండి."