తేనెమైనంతో అతికించిన పేరు

అసిరికి ఈ లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. పిల్ల ఏదో ఒకటి మింగేస్తుందని.

పిడుగులన్నా, పాములన్నా, ఆఖరికి అత్తగారి నోరన్నా కూడా ఆమెకు అంత భయం లేదు. నీలి పాకడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ అసిరి కళ్లు నేల మీదే ఉంటున్నాయి. గుండీలు, చింతగింజలు, ఊడిన మేకులు, అత్త కాలి మట్టె, కనిపించినదల్లా ఏరి కొంగున కట్టుకునేది.

"ఓలే, నీ కొంగు ఇప్పితే సంత ఎట్టుకోవచ్చే," అనేది అత్త పారమ్మ.

ఆ రోజు కూడా ఇల్లు మామూలుగానే మాట్లాడుతోంది. అవును, ఇల్లే. అప్పటికి వస్తువులన్నిటికీ నోళ్లొచ్చాయి. ప్రతిదానికీ పెసరబద్దంత పలుకుముద్ర ఉండేది. వేలితో తాకితే చాలు, అది ఏ కంపెనీదో, ఎక్కడ పుట్టిందో, దాని ఒంట్లో ఎలా ఉందో చెప్పేది. గరిటె తన అంచు అరిగిందని చెప్పేది. చాప తనను ఎండలో వేయమనేది. నకిలీ సరుకు బెడద వదిలించడానికి వచ్చిన ఏర్పాటు అది. కొన్నేళ్లు గడిచేసరికి జనం కంటితో చూసి, గోటితో గీకి, వాసన చూసి కొనడం మానేశారు. పెళ్లికి వెళ్లినా కుర్చీని తాకి, అది పేరు చెప్పాకే కూర్చునేవారు. బస్సులూ, ఆసుపత్రుల తలుపులూ కూడా ముద్ర మాటే నమ్మేవి.

అసిరికి అది వరంలా ఉండేది. ఏడో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడితే ఆమె బడి మానేసింది. మందు సీసా మీది రాత చదవబోతే సగంలో ఆగిపోయేది. ఇప్పుడు సీసానే "చెంచాడుకు మించి వద్దు" అని చెబుతుంటే ఆమె దిగులు సగం తగ్గింది. మిగతా సగం నీలి కోసం అట్టే పెట్టుకుంది.

ముద్ర లేని వస్తువును మూగసామాను అనేవారు. దాన్ని ఎవరూ ముట్టుకునేవారు కాదు. అసిరి మొగుడు కనకారావు చేసే గిటార్లు అలాంటివే.

వాళ్లది బొబ్బిలి దగ్గర వీణలు చేసే ఇల్లు. తాతలు పనసమొద్దు తొలిచి ఒకే చెక్కలో వీణ తీసేవారు. గిటార్లు అడిగేవాళ్లు పెరిగాక కనకారావు అదే పనసతో గిటార్లు చేయడం మొదలుపెట్టాడు. వచ్చినవాళ్లు వాయించి, తలూపి, చివర్లో గిటారు పొట్ట మీద వేలితో తాకేవారు. అది నోరు విప్పేది కాదు. వాళ్లు దాన్ని గోడకు ఆనించి వెళ్లిపోయేవారు. సొంత ముద్ర కావాలంటే ముద్రాలయం ఇవ్వాలి. ముద్రాలయం పెద్ద కార్ఖానాలతో తప్ప మాట్లాడదు.

అందుకే ఆ ఉదయం కనకారావు ఒక పొట్లం విప్పి, లోపలున్న వెండిరంగు బద్దను అసిరికి చూపించాడు. తుక్కు దుకాణంలో పగిలిపడున్న వెండిడేగ గిటారు నుంచి ఊడదీసిన ముద్ర అది. వెండిడేగ అంటే మంచుదేశపు కంపెనీ. ఆ పేరు వింటే పాట రానివాళ్లు కూడా కూనిరాగం తీస్తారు. కనకారావు కొత్త గిటారు ఒంపులన్నీ ఆ కంపెనీ దానికి నకలే. మిగిలింది పేరొక్కటే.

"ఇది దొంగతనం కాదేటి మావా?" అంది అసిరి.

"దొంగతనమేటే? సెక్క మనది, సెయ్యి మనది, మోత మనది. పేరొక్కటే ఆళ్లది."

"కొన్నోడు పేరు సూసే కదా కొంటన్నాడు?"

"కొన్నాక వాయించేది పేరునేటి? దసరా ముందు ఇలాంటిదే ఒకటి సాలూరు సంతలో అమ్మీసినాను. ఎవుడైనా అడగొచ్చినాడా?"

అసిరి నీలి నోట్లోంచి చాప పుల్ల లాగి కొంగున కట్టుకుంది. "మరి రేపు మన నీలిని ఎవులో ఎత్తుకెళ్లి, ఇది పలానా సావుకారి పిల్ల అని ఊరంతా సెప్పుకుంటే? పేరే కదా అని ఊరుకుంటావేటి?"

"పిల్లకీ గిటారుకీ పోలికేటే!"

"నాను దీన్ని తొమ్మిది నెల్లు మోసినాను. నువ్వు దాన్ని మూడు నెల్లు మోసినావు. అంతే తేడా."

"కోడలికి నాయం సెప్పడం వొచ్చీసినాది," అంది పారమ్మ, కొడుకు వైపు కుర్చీ జరుపుకుంటూ. "సెక్కకి పేరెట్టుకుంటే ఎవులకేటి నొప్పి?"

ఇద్దరూ ఒకవైపు అయ్యేసరికి అసిరి నోరు మూసుకుంది. కనకారావు ముద్రను తేనెమైనంతో అతికించాడు. వీణకు మెట్లు నిలబెట్టడానికి మసి కలిపి మెత్తగా నూరే మైనం అది. తాత చేసిందీ, తండ్రి చేసిందీ అదే. చెక్క మీద ఏది నిలబెట్టాలన్నా ఆ ఇంట్లో చేతులు ఆ ముద్ద వైపే వెళ్తాయి. తరువాత అతను గిటారును వేలితో తాకాడు.

"నేను వెండిడేగ గిటారును," అంది అది. "మంచుకొండల మేపుల్ చెక్కతో పుట్టాను. నా ఆరోగ్యం బాగుంది."

ఇల్లంతా పనస వాసన. అబద్ధాన్ని అంత తియ్యటి గొంతుతో చెప్పగా వినడం అసిరికి అదే మొదలు.

మెరుగు ఆరడానికి కనకారావు గిటారును వీధి అరుగు మీద నిలబెట్టి చెక్క కోసం వెళ్లాడు. ఎండ మెల్లగా అరుగెక్కింది. మైనం మెత్తబడింది. అసిరి అరుగంతా రెండుసార్లు తుడిచి, ఏరవలసినవన్నీ ఏరి, పిల్లను అక్కడ వదిలి పొయ్యి దగ్గరకు వెళ్లింది. అతికించిన పేరు ఊడి కింద పడుతుందని ఆమెకు తోచలేదు.

కాసేపటికి పారమ్మ మనవరాలిని ఎత్తుకుంది.

"నేను వెండిడేగ గిటారును," అంది నీలి.

పారమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "ఓలమ్మో! నా మనవరాలికి మాటొచ్చీసినాది! అదీ పుస్తకాల్లో మాట!"

"నాలో తేమ హద్దు మీరింది. దయచేసి పొడి గుడ్డతో తుడిచి నీడలో ఉంచండి."

"లంగోటీ తడిపినాది, అదే సెప్తంది! ఎంత తెలివే నా తల్లికి!"

అసిరి గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. గిటారు పొట్ట మీద ముద్ర ఉండాల్సిన చోట నల్లటి గుంట ఉంది. నీలి మూతి చుట్టూ నల్లటి మైనం ఉంది. అసిరి పిల్ల నోట్లో వేలు పెట్టి వెతికింది. బద్ద లేదు.

కనకారావుకు కబురు వెళ్లింది. ముగ్గురూ పిల్లను తీసుకుని గాలిబస్సెక్కారు. ఎక్కీ ఎక్కగానే బస్సు అంది, "సంగీత వాయిద్యాలను పై అరలో పెట్టవలెను." పిల్ల ఏడుపు లంకించుకుంది. ఏడ్చినప్పుడల్లా పొట్టలోంచి గొంతు వినిపించింది. "శ్రుతి తప్పింది. మొదటి తీగ మరీ బిగుతుగా ఉంది."

"ఆ తీగేదో కాస్త సడలించమ్మా," అన్నాడు వెనక సీటు పెద్దాయన, చెవులు మూసుకుని.

ఆసుపత్రి వాకిట కాపుతలుపు తెరుచుకోలేదు. "వస్తువులకు ప్రవేశం లేదు. మరమ్మతు కేంద్రం ఎడమవైపు ఉంది."

"ఇది పిల్ల బాబూ! ఇగో సూడు, పళ్లు రెండొచ్చినాయి," అంటూ అసిరి పిల్ల పెదవి ఎత్తి తలుపుకు చూపించింది.

"ముద్ర ప్రకారం ఇది గిటారు."

గొడవ విని నర్సు బయటికొచ్చింది. పిల్ల పొట్ట నొక్కి చూసి, భయం లేదంది కానీ, బద్ద ఎక్కడుందో చూడాలంది. "నేను ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లినా లాభం లేదమ్మా. లోపలున్న యంత్రాలన్నీ దీన్ని గిటారే అంటాయి, పరీక్ష చెయ్యవు. ఈ వస్తువు తమది కాదని ఆ కంపెనీవాళ్లొచ్చి చెప్పాలి."

అసిరి మొగుడి వైపు తిరిగింది. కనకారావు మొహం తెల్లబోయింది.

"ఆళ్లని పిలిస్తే కేసవుద్దే. తాతల నాటి ఉలులు కూడా ఎత్తుకుపోతారు. కూసింత ఆగితే అదే బయటికొచ్చీదేమో..."

"ఆగడవేటి!" అసిరి గొంతు వాకిలంతా మోగింది. ఆమె అంత గట్టిగా అరవగలదని ఆమెకే తెలియదు. "ఉలి పోతే ఉలొస్తది. బాబూ తలుపూ, ఆ డేగోళ్లని పిలు! మా ఆయన దొంగముద్ర ఏసినాడని సెప్పు!"

విజయనగరం నుంచి గాలిబండి మీద వెండిడేగ వారి తనిఖీ అధికారి హైమావతి వచ్చింది. కళ్లద్దాలు సర్దుకుని నీలి పొట్ట మీద వేలు పెట్టింది. చక్కిలిగింత పుట్టి నీలి కిలకిల నవ్వింది.

"శ్రుతి సరిగా ఉంది," అంది పొట్ట.

హైమావతి చేతిలోని పరికరం పచ్చగా వెలిగింది. "అసలు ముద్రే. వస్తువు ఆరోగ్యంగా ఉంది. జీవితకాలం మా హామీ ఉంది."

"అది గిటారు కాదమ్మా!"

"కనిపిస్తూనే ఉంది తల్లీ. కానీ ఇది మాది కాదని నేనంటే, మరి ఎవరిదని తలుపు అడుగుతుంది. దానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి." ఆమె తలుపు వైపు తిరిగి, "ఈ వస్తువు మా కంపెనీది కాదు," అంది.

"తయారీదారు ఎవరు?" అంది తలుపు.

కనకారావు ముందుకొచ్చాడు. "ఆ ముద్ర నానే ఎట్టినాను బాబూ. గిటారు నాది, పేరు ఆళ్లది. తప్పే."

"అడిగినది అది కాదు. ఎదుట ఉన్న ఈ వస్తువును తయారు చేసినది ఎవరు?"

వాకిట్లో వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వు ఆపుకుంటూ ఆకాశం చూశారు. కనకారావు చెవులు ఎర్రబడ్డాయి.

"నానే," అన్నాడు.

"ఒక్కరేనా?"

"నానూ," అంది అసిరి, కొంగు మొహాన కప్పుకుని.

"ఎక్కడ తయారైంది?"

"మా ఇంట్లోనే బాబూ!" పారమ్మ ఉండబట్టలేకపోయింది. "ముందు గదిలో! నాను అరుగు మీద పడుకునీదాన్ని!"

ఇక జనం ఆగలేదు. ఆ నవ్వుల్లో తలుపు ఆఖరి ప్రశ్న అడిగింది. "చెక్క రకం?"

"పనస," అన్నాడు కనకారావు, అలవాటు కొద్దీ.

తలుపు తెరుచుకుంది.

లోపల యంత్రం బద్ద ఎక్కడుందో చూపించింది. డాక్టరు అరటిపండు మెత్తగా చిదిమి పెట్టమని పంపేశాడు. మర్నాడు పొద్దున్న లంగోటీలోంచి "నాలో తేమ హద్దు మీరింది" అని వినిపించింది. ఈసారి అది నిజమే చెప్పింది.

ఆ మధ్యాహ్నం హైమావతి ఇంటికొచ్చి, ముద్రను రెండు వేళ్లతో దూరంగా పట్టుకుని సీసాలో వేసుకుంది. కేసు పెడితే తమ ముద్ర ఒక పిల్లను గిటారంటే లోకమంతా నమ్మిందన్న సంగతి బయటపడుతుంది కాబట్టి కంపెనీ ఊరుకోమందట. అలా ఉలులు దక్కాయి. వెళ్లబోతూ ఆమె ఆగి అడిగింది. "ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"దసరా ముందు ఒకటి అమ్మినానమ్మా. సాలూరు సంతలో."

"కొన్నవాడెవరు?"

"అడగలేదు. పచ్చ కండువా ఏసుకున్నాడు. ఇంట్లో పురుటి బిడ్డ ఉంది, జోల పాడాలన్నాడు."

"మీ పేరు చెప్పారా?"

"ఎలగ సెప్తానమ్మా? నాను వెండిడేగోళ్ల మనిషినని సెప్పినాను."

అసిరి వేళ్ల మీద లెక్కపెట్టింది. దసరా నాటి పురుటి బిడ్డ ఈపాటికి పాకుతూ ఉంటుంది. ఆ గిటారుకూ అదే మైనం. బయట అదే ఎండ.

హైమావతి పరికరంలో వెతికింది. తమ గిటార్లన్నీ క్షేమంగా ఉన్నాయని అది చెప్పింది. సాలూరులో తాము అమ్మినది ఏదీ లేదంది. "లేనిదాన్ని వెతకమని నేను ఎవరికి చెప్పను తల్లీ?" అంటూ ఆమె బండెక్కింది.

అప్పుడు అర్థమైంది అసిరికి. నిన్న పొద్దున్న మొగుడికి చెప్పలేకపోయిన జవాబు అదే. పేరు గొప్ప కోసం కాదు. ఏదైనా అయితే వెతుక్కుంటూ రావడానికి. ఆ గిటారు మీద కనకారావు అని ఉంటే, పచ్చ కండువా మనిషి దారిలో నలుగుర్ని అడిగి ఈ అరుగు ముందుకు వచ్చి ఉండేవాడు. ఇప్పుడు అతను వెతికినా మంచుకొండల వైపు వెళ్లాలి.

ఆ తరువాత కనకారావు గిటార్ల మీద పరాయి పేరు పెట్టలేదు. అసిరి సుద్దతో "కనకారావు, అసిరి, బొబ్బిలి" అని రాస్తుంది. ఏడో తరగతి దగ్గర ఆగిపోయిన అక్షరాలు, కొంచెం పక్కకు వాలుతాయి. అతను వాటి మీదే ఎర్రగా కాల్చిన చువ్వతో గీస్తాడు. అవి మాట్లాడవు. కొనేవాళ్లు తక్కువే. సంత జరిగిన ప్రతిసారీ ఇద్దరూ నీలిని చంకనేసుకుని సాలూరు వెళ్తారు. పచ్చ కండువా కనిపించిన ప్రతి మగవాణ్నీ ఆపి "మీ ఇంట్లో గిటారుందా?" అని అడిగి తిట్లు తింటారు. ఆ మనిషి మాత్రం ఇంకా దొరకలేదు.

ఎండలు ముదురుతున్నాయి. మీ పక్కింట్లోనో, చుట్టాలింట్లోనో వెండిడేగ గిటారు ఉంటే అది చెప్పే మాట వినకండి. దగ్గరకెళ్లి వాసన చూడండి. పనస వాసన వేస్తే, పొట్ట మీద నల్లటి మైనం ఉంటే, ఆ ఇంట్లో పాకే పిల్ల ఎక్కడుందో వెతికి, ఒక్కసారి చూసి రండి. పిల్ల పొట్ట మీద వేలితో మెల్లగా తాకండి. ఊరికే నవ్వితే ఫరవాలేదు.