జోడు విప్పిన బొమ్మ

మెహిటబుల్ ప్రాట్ తలుపు తట్టలేదు, బాదింది. "టటిల్ గారూ, మా కెజియా చచ్చిపోతుంది!" అంటూ గుమ్మంలోనే కూలబడింది.

"ఏం జబ్బు?" అన్నాడు జీనస్ టటిల్. అమెరికాలో కనెక్టికట్ నది పొడవునా జనాల గుట్టు రట్టు చేసే ప్రైవేటు డిటెక్టివ్ అతను.

"జబ్బు కాదు, బొమ్మ!"

టటిల్ గడ్డం గీస్తున్న ఆసాహెల్ కత్తి ఆపాడు. వృత్తికి మంగలి, టటిల్‌కి సహాయకుడు, భక్తుడు కూడా. మెహిటబుల్ చెప్పింది ఇదీ: వేసవిలో ఊరూరా తిరిగి బొమ్మలేసే రూఫస్ లూమిస్ నెల కిందట ఆమె ఆరేళ్ల కూతురు కెజియా బొమ్మ వేశాడు. పొద్దున చూస్తే బొమ్మలో పిల్ల కుడికాలికి జోడు లేదు! ఆ ఊళ్లలో చనిపోయిన పిల్లల్ని బొమ్మలో అలాగే ఒక కాలి జోడు విప్పినట్టు వేస్తారు. ఆసాహెల్ "అయ్యో!" అంటూ కత్తి ఊపాడు. టటిల్ మర్యాదగా మెడ పక్కకి తీసుకున్నాడు.

ప్రాట్ ఇంట్లో ఘాటైన బూడిద సబ్బు వాసన. ఇత్తడంతా తళతళ. కెజియా తల్లి పావడా పట్టుకుని వదల్లేదు. మేనమామ ఎబెన్, కమ్మరి, అప్పటికే పక్క ఊరి నుంచి లూమిస్‌ని లాక్కొచ్చి కుర్చీకి కట్టేశాడు. మోసగాళ్లకి అక్కడి శిక్ష ప్రకారం ఒంటికి పూయడానికి పొయ్యి మీద తారు కాస్తున్నాడు.

"ఏరా రంగులోడా! ఊరందరికీ పూతలేశావుగా, ఇవాళ నీకేస్తా. పైన కోడి ఈకలు ఉచితం!"

"నేను మళ్లీ ఈ గడప తొక్కలేదు బాబూ!" లూమిస్ కట్లలో గింజుకున్నాడు. "ఈ మాట పాకితే ఏ తల్లి నన్ను ఇంట్లోకి రానిస్తుంది?"

టటిల్ బొమ్మని ముందు ముక్కుతో చూశాడు, తర్వాత వేలితో. "చిత్రంగా ఉందమ్మా నీ చిత్రం. ఇతను వచ్చినప్పుడు ఏం తెచ్చాడు?"

"ఒళ్లూ గౌనూ ముందే వేసిన గుడ్డ. చలికాలం మొండేలు, వేసవిలో తలకాయలు, బొమ్మలేసే వాళ్లంతా చేసేదేగా? మొహం, జోడు ఇక్కడ వేశాడు."

"బొమ్మ పైన మెరుగు నూనె పూశాడా?"

"రంగు బాగా ఎండాలట, వచ్చే ఏడు పూస్తానన్నాడు."

"మరి నీ చేతులు అంత ఎర్రగా ఉన్నాయేం?"

"చలి రాకముందు ఇల్లు తోముకోవద్దూ? నిన్నంతా అదే పని."

టటిల్ అందర్నీ బొమ్మ ముందు నిలబెట్టాడు. "దెయ్యం లేదు, శాపం లేదు. జోడు దొంగవి నువ్వేనమ్మా, ఆయుధం సబ్బు. బొమ్మ కాళ్ల దగ్గర ఈగల మచ్చలు రుద్దావా?"

"రుద్దాను, చీకటి పడ్డాక," అందామె నీరసంగా.

"కింది రంగు ఏళ్లనాటిది, రాయిలా ఎండింది. పైది నెలనాటి పచ్చి రంగు, మెరుగు నూనె కాపలా కూడా లేదు. రుద్దితే జోడు పోయింది, అడుగునున్న కాలు తేలింది. కెజియా ముందు ఈ గుడ్డ మీద ఇంకో పిల్ల ఉంది, పోయిన పిల్ల. ఎవరయ్యా, లూమిస్?"

"అబ్బ, ఏం బుర్ర!" అనబోయిన ఆసాహెల్ లూమిస్ మొహం చూసి ఆగిపోయాడు.

"మా అమ్మాయి," అన్నాడు లూమిస్. "అది చనిపోయిన రోజే వేశాను, ఏళ్లయింది. ఈ ఏడు కొత్త గుడ్డ దొరక్క... దాని మొహం, కాలు రంగుతో కప్పి తెచ్చి, ఆ మొహం మీదే మీ పిల్ల మొహం వేశాను."

ఎబెన్ లూమిస్ కట్లు విప్పాడు.

"అమ్మా, నేను చచ్చిపోయిన పిల్ల మీదున్నానా?" కెజియా తల్లి పావడా లాగింది.

మెహిటబుల్ సబ్బు గుడ్డ తెచ్చి, బొమ్మ తుడవమని లూమిస్ చేతికిచ్చింది. అతని చెయ్యి లేవలేదు. గుడ్డ తీసుకుని బొమ్మలోని కెజియా నుదురు, బుగ్గలు ఆమే తుడవసాగింది. నీలి కళ్లు కరిగి, కింద నుంచి గోధుమరంగు కళ్లు పైకి చూశాయి.

"పాప పేరేంటి నాయనా?" అడిగింది మెహిటబుల్.

"లొవైసా," అన్నాడు లూమిస్. "మెల్లిగా తల్లీ, మెల్లిగా."