మూతకంటిన మీగడ

లోర్నా బడి నుంచి వచ్చేసరికి అమ్మ పెరట్లో స్టూలెక్కి నిలబడి ఉంది. బట్టలారేసే తీగకు పిట్టల కోసం వేలాడదీసిన కొవ్వు ముద్దని కత్తెరతో తెంపుతోంది.

దారం తెగి, ముద్ద కింద ఉన్న బకెట్లో దబ్బున పడింది. రోజూ రొట్టె ముక్కలు చల్లే చెక్క పలక కూడా దాని చోట లేదు. బొగ్గులు నిలవేసే కొట్టు గోడకి ఆనించి ఉంది. ఆ పలకని తాతయ్యే మేకులు కొట్టి చేశాడు.

"ఎందుకమ్మా తీసేస్తున్నావు?" అంది లోర్నా.

"ఎందుకేంటి? మీ తాతయ్య ఆ పిట్టలకి పెట్టి పెట్టి అలవాటు చేశాడు. అవి ఇప్పుడు మన మీగడకే ఎసరు పెట్టాయి. వారం నుంచి చూస్తున్నా, ఒక్క సీసా కూడా నిండుగా లోపలికి రావట్లేదు. ఇక్కడ తిండి దొరక్కపోతే అవే పోతాయి."

లోర్నా వంటింటి కిటికీ వైపు చూసింది. అద్దం వెనక తాతయ్య తన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మనవరాలు వచ్చిందని చెయ్యి ఊపలేదు. ఖాళీ తీగ వైపే చూస్తున్నాడు.

లోర్నా చటుక్కున చూపు తిప్పుకుంది. ఎందుకంటే, ఆ వారంలో పిట్ట తాగింది ఒక్క రోజే. మిగతా మీగడంతా ఎవరు తిన్నారో ఆమెకి బాగా తెలుసు.

అది బొగ్గు గనుల ఊరు. ఇటుక ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని వరసగా ఉండేవి. తెల్లవారకముందే టలీ అనే పాలాయన బండిలో వచ్చి, గడప గడపకీ సీసాలు పెట్టి పోయేవాడు. సీసాకి వెండి కాగితం మూత. మూత కింద, సీసా మెడ దగ్గర, పసుపుపచ్చటి మీగడ తేరుకుని ఉండేది.

ఆ మీగడ సంగతి పిట్టలకి కూడా తెలుసు. గుప్పెట్లో పట్టేంత పిట్టలు. నెత్తిన నీలం టోపీ, పొట్ట పసుపు. టకటకా మూత పొడిచి, ముక్కు ముంచి తాగిపోయేవి. వీధి వీధంతా వాటిని తిట్టేది, తిడుతూనే నవ్వేది.

లోర్నా ఇంట్లో మీగడ తాతయ్యది. గనిలో పనిచేసి చేసి ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఒంట్లో కండ లేదనీ, పొద్దున్న ఓట్స్ జావలో మీగడ వేసి పెట్టమనీ డాక్టర్ చెప్పాడు. కానీ మూతకి అంటుకున్న మీగడ మాత్రం లోర్నాది. తాతయ్య బొటనవేలితో మూత తీసి, "ఇదిగో, నీ వాటా" అని ఇచ్చేవాడు. లోర్నా దాన్ని అద్దంలా మెరిసేదాకా నాకేది.

పోయిన వారం ఒక పొద్దున్న సీసా తేవడానికి వెళ్తే మూతకి చిల్లు కనపడింది. పిట్ట పని. ఎలాగూ అది మూతి పెట్టిందిగా అనుకుని లోర్నా వేలు ముంచింది. మూత నాకడం వేరు, వేలు ముంచి తినడం వేరు అని అప్పుడే తెలిసింది.

మర్నాడు మూతకి చిల్లు లేదు. లోర్నా జుట్టులో మాత్రం పిన్ను ఉంది.

అంతే, రుచి మరిగింది. పిట్టలు రాకుండా సీసా మీద పాత కప్పు బోర్లించమని అమ్మ పాలాయనకి చెప్పింది. ఆయన బోర్లించేవాడు. లోర్నా ఆ కప్పు తీసి, గాలికి పడ్డట్టు మెట్టు మీద దొర్లించేది.

"కప్పులు కూడా ఎత్తేస్తున్నాయా ఈ పిట్టలు? అయితే రేపట్నుంచి నా బండి కూడా అవే తోస్తాయిలే, నేను పడుకుంటా" అన్నాడు టలీ. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా లోర్నా నవ్వింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ, తననెవరూ చూడటం లేదనుకుంటుందట. లోర్నా కూడా అలాగే అనుకుంది. పిట్టలకి పోయేదేముంది, వాటి చెవులెవరూ మెలెయ్యరు కదా అనుకుంది.

ఆ సాయంత్రం టీ దగ్గర తాతయ్య గొంతు సవరించుకున్నాడు.

"తప్పు వాటిది కాదమ్మాయ్. నేనే మప్పాను. నాకు మీగడ వద్దులే, జావ ఉత్తదే తింటా. వాటికి మాత్రం పెట్టనియ్యి."

"నాన్నా, డాక్టరు మీగడ రాసింది నీకు, పిట్టలకి కాదు" అంది అమ్మ.

లోర్నా నోరు తెరిచింది. కానీ చెప్పాల్సిన మాట బయటికి రాకుండా అందులో రొట్టె ముక్క పెట్టేసుకుంది. రేపు చెప్దాం అనుకుంది.

తెల్లారేసరికి మంచు పడింది. పెరడు, గోడ, బొగ్గుల కొట్టు అన్నీ తెల్లబడ్డాయి. లోర్నా ఆ రోజు పిన్ను ముట్టుకోలేదు. తర్వాతి రోజూ ముట్టుకోలేదు. మీగడ ఎక్కడిదక్కడ ఉంది. ఇలా మానేస్తే తప్పు దానంతటదే సమసిపోతుందనుకుంది.

అమ్మ సీసాని వెలుతురుకి ఎత్తి చూసింది. "చూశావా నాన్నా? తిండి ఆపగానే దొంగలు పోయారు. నేను చెప్పలేదూ?"

లోర్నా తేలు కుట్టిన దొంగలా తల దించుకుని జావ తింది. తాతయ్య మూత తీసి ఇచ్చాడు. "ఇదిగో, నీ వాటా." ఆ రోజు లోర్నా దాన్ని సగమే నాకి పక్కన పెట్టేసింది.

చలి ముదిరింది. బళ్ళో పిల్లలకిచ్చే పాలు గడ్డకట్టి, మూతల్ని పైకి తోసుకుని వచ్చేవి. సీసాలన్నీ టోపీలు పెట్టుకున్నట్టుండేవి. మామూలుగా అయితే లోర్నా వాటిని చూసి నవ్వేది.

ఒక సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి కిటికీ బయట గట్టు మీద ఒక పిట్ట కూర్చుని ఉంది. ఒళ్ళంతా ఉబ్బించుకుని బంతిలా ఉంది. దాని తోక సగమే ఉంది. పక్కింటి పైబస్ ఆంటీ వాళ్ళ పిల్లి లాక్కోగా మిగిలిన సగం. అందుకే తాతయ్య దానికి మొండితోక అని పేరు పెట్టాడు. మిగతావి మనుషుల్ని చూసి ఎగిరిపోయేవి. మొండితోక మాత్రం ఎదురుగా నిలబడి తినేది.

అది ఖాళీ తీగ వైపు చూసింది. తర్వాత అద్దం మీద ముక్కుతో కొట్టింది.

"లేదురా నాయనా. ఈ ఇంట్లో నా మాట చెల్లట్లేదు" అన్నాడు తాతయ్య.

"దానికి ఆకలేస్తోందా తాతయ్యా?"

"వెయ్యదా మరి? ఉన్నదే పిడికెడు ఒళ్ళు. రాత్రి చలికి ఆగాలంటే పగలంతా తింటూనే ఉండాలి." తాతయ్య కాసేపు దగ్గి, ఊపిరి తీసుకున్నాడు. "నా వయసంతా భూమి కిందే పోయిందే బంగారం. అక్కడ రెక్కలున్నదేదీ కంటపడదు. ఇప్పుడిలా కూర్చుంటే ఇవి నా కోసమే వచ్చినట్టుంటుంది. పిచ్చి ముసలాణ్ణి కదూ."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. లోర్నాకి ఆ సంగతి తెలుసు. అయినా "హోంవర్క్ ఉంది తాతయ్యా" అని మేడ మెట్లెక్కి వెళ్ళిపోయింది.

శనివారం అమ్మతో బజారుకెళ్ళి వచ్చింది. ఇద్దరూ చేతి సంచులు దించుతుండగా పెరట్లోంచి దగ్గు వినిపించింది.

తాతయ్య మంచులో నిలబడి ఉన్నాడు. కోటు లేదు. కాళ్ళకి ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులు. ఒక చేత్తో చెక్క పలకని పట్టుకుని, ఇంకో చేత్తో జేబులోంచి రొట్టె పొడి తీసి చల్లుతున్నాడు. దగ్గుకి చెయ్యి ఊగి, పొడి సగం మంచులో పడుతోంది.

"నాన్నా, నీకేమైనా మతిపోయిందా?" అమ్మ పరిగెత్తుకెళ్ళి ఆయన్ని లోపలికి తీసుకొచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటి కప్పింది. తాతయ్య రెండు జేబులూ తిరగేసి దులిపింది. ముక్కలు ముక్కలుగా రొట్టె అంచులు రాలాయి. ఆయన పొద్దున్న తిన్నానని చెప్పిన రొట్టె అది.

"నీకు పెట్టింది నువ్వు తినకుండా దాచుకుంటావా? చిన్నపిల్లాడిలా ఈ దొంగతనాలేంటి నాన్నా?"

తాతయ్య తల వంచుకున్నాడు. "ఇంకెప్పుడూ చెయ్యనమ్మా" అన్నాడు.

తాతయ్యని ఎవరైనా కేకలెయ్యడం లోర్నా అంతవరకూ చూడలేదు. ఆయన అలా తల వంచుకోవడం కూడా చూడలేదు. తడిసిన చెప్పుల్లోంచి నీళ్ళు నేల మీదికి కారుతున్నాయి.

"దొంగతనం చేసింది తాతయ్య కాదమ్మా" అంది లోర్నా. "నేను."

జుట్టులోంచి పిన్ను తీసి బల్ల మీద పెట్టింది. అంతా చెప్పింది. చిల్లు పొడవడం, వేలు ముంచడం, కప్పు దొర్లించడం, ఏదీ దాచలేదు. ఏడుపు రాకూడదనుకుంది కానీ మధ్యలోనే వచ్చేసింది.

తాతయ్య ఆ పిన్నుని చేతిలోకి తీసుకుని చూశాడు.

"కప్పు కూడా నువ్వేనా?"

"ఊఁ."

"నేను మొండితోక అనుకున్నానే. అంత చిన్న ఒంటికి అంత బలమా అని లోలోపల తెగ మెచ్చుకున్నా."

అమ్మ నవ్వలేదు. "మీగడ తిన్నావు సరే. ఆయన తప్పంతా తన నెత్తిన వేసుకుంటుంటే ఎదురుగా కూర్చుని విన్నావు కదా లోర్నా. అదెలా వినగలిగావు?"

లోర్నాక్కూడా అదే అర్థం కాలేదు.

అమ్మ లేచి, అలమారలోంచి కొవ్వు గిన్నె తీసింది. దారం వెతికింది. "కోటేసుకో. ఆ స్టూలు పట్టుకురా" అంది.

ఈసారి స్టూలు ఎక్కింది లోర్నా. కొవ్వు ముద్దని తీగకి కట్టి ముడి గట్టిగా వేసింది. పలకని దాని చోట పెట్టి, రొట్టె ముక్కలన్నీ చల్లింది. తాతయ్య పక్కన కిటికీ దగ్గర కూర్చుంది. చీకటి పడేదాకా ఒక్క పిట్ట కూడా రాలేదు.

ఆదివారమూ రాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కాబోలు. అయినా లోర్నా పొద్దున్నే లేచి పలక మీద మంచు తుడిచింది, చిన్న గిన్నెలో వేణ్ణీళ్ళు పెట్టింది.

సోమవారం రెండు వచ్చాయి. ఆ తర్వాత నాలుగైదు. తీగకి తలకిందులుగా వేలాడుతూ కొవ్వు పొడుచుకు తిన్నాయి. లోర్నా ప్రతి పిట్టకీ ముందు తోక చూసేది. అన్నిటికీ తోక నిండుగానే ఉండేది.

"పై వీధికి పోయుంటాడు" అన్నాడు తాతయ్య. "అక్కడెవరో వేరుశనగ గింజలు పెడుతున్నారట. మనవాడికి రుచులెక్కువ."

ఆయన ఆ మాట లోర్నా మొహం చూడకుండా అన్నాడు. మంచు పడ్డప్పట్నుంచి తాతయ్య వీధిలోకే వెళ్ళలేదు. పై వీధి కబురు ఆయనకెవరూ చెప్పలేదు. తనని ఓదార్చడానికే అన్నాడని లోర్నాకి తెలిసింది. దాంతో ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది. రుచి మరిగింది నేను, ఆకలికి మాడింది వాడు అనుకుంది. తినకుండా ఆ చలి రాత్రుల్ని మొండితోక ఎలా గడిపిందో ఆలోచించకుండా ఉండటానికి చాలా ప్రయత్నించింది.

తర్వాతి రోజు పొద్దున్న లోర్నా తలుపు తీసేసరికి సీసాలో మీగడ గడ్డకట్టి, మూతని నెత్తిన ఎత్తుకుని ఉంది. రెండు చేతులతో పట్టుకుని జాగ్రత్తగా లోపలికి తెచ్చింది. అమ్మ సీసాని తీసుకుని మూత చుట్టూ ఒకసారి చూసింది. ఇంతకుముందు అలా చూసేది కాదు. లోర్నాకి కోపం రాలేదు.

తాతయ్య బొటనవేలితో మూత తీశాడు. దాని నిండా చిక్కటి మీగడ అంటుకుంది.

"ఇదిగో, నీ వాటా."

లోర్నా మూత అందుకుంది. నాకలేదు. కోటేసుకుని, బూట్లు తొడుక్కుని పెరట్లోకి వెళ్ళింది. మీగడ పైకి వచ్చేలా మూతని పలక మీద పెట్టి, గాలికి ఎగిరిపోకుండా అంచు మీద చిన్న బొగ్గు ముక్క ఉంచింది. తిరిగొచ్చి తాతయ్య కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

కాసేపటికి ఒక పిట్ట వచ్చి మూత పక్కన వాలింది. లోర్నా ముందు తోకే చూసింది.

"వాడు కాదు" అంది.

"కాదు" అన్నాడు తాతయ్య. "తిననీలే."

మీగడ అయిపోయేదాకా ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్న తాతయ్య మూత తీశాడు. నీ వాటా అనలేదు. ఒక చేత్తో మూత, ఇంకో చేత్తో కొక్కేనికి ఉన్న లోర్నా కోటు తీసి అందించాడు.