ఒకే నంబరు, రెండు పొయ్యిలు

ఆరు గంటలకు మున్సిపాలిటీ నల్లా వచ్చింది. సిరిసిల్లలోని ఆ ఇరుకు సందులో ఇంటింటి ముందూ బిందెల చప్పుడు మొదలైంది. నీల తన బిందెలు రెండూ నింపుకుని పక్క వాటా తలుపు వైపు చూసింది. ఆ వాటాలో ఉండేది తన తోటికోడలు మంజుల. ఆమె భర్త ప్రకాశ్ బట్ట నేసే సాంచెలు నడపడానికి మహారాష్ట్రలోని భివండి పోయి ఏడాది కావస్తోంది. ఇల్లు ఒకటే, ఇంటి నంబరు ఒకటే, పొయ్యిలు మాత్రం రెండు.

"మంజులా, నల్లా బందైతది. నీ బిందెలియ్యి, నేను పడుత."

"అద్దక్కా. నేను పట్టుకుంట."

మంజుల కుడి చేతికి పిండికట్టుతో, ఎడమ చేత్తో బిందె పట్టుకుని బయటికొచ్చింది. పది రోజుల కింద సందులోనే కాలు జారి పడితే మణికట్టు ఎముక విరిగింది. నెలన్నర కట్టు విప్పొద్దన్నాడు డాక్టరు.

"ఒంటిచేత్తోని ఎట్ల మోస్తవ్ బిడ్డా? మీ అక్కకియ్యరాదు" అంది అరుగు మీద కూర్చున్న అత్త రాజక్క.

నీల చెయ్యి చాచింది. మంజుల బిందెను అవతలి పక్కకు జరుపుకుంది. సగం నీళ్లు ఒలికినా ఆగకుండా లోపలికి పోయింది.

ఆర్నెల్ల కింద ఈ దూరం లేదు. అప్పుడే ఒక సంస్థ వాళ్లు వార్డుకు వచ్చారు. ఎంపికైన కుటుంబంలో ఒక ఆడమనిషి ఖాతాలో నెలనెలా రెండు వేలు, రెండేళ్ల పాటు వేస్తామన్నారు. దేనికి ఖర్చు పెట్టారని అడగబోమన్నారు. ఈ ఇంట్లో నీల పేరు వచ్చింది.

ఆ డబ్బుతో ఇంట్లో పెద్ద మార్పులేం రాలేదు. నీల భర్త బాలకిషన్ ఆదివారం డబుల్ డ్యూటీ మానేశాడు. వారానికి ఒక్క పూటైనా సాంచెల మోతకు దూరంగా కంటినిండా నిద్రపోతున్నాడు. నడుం నొప్పితో ఏళ్లుగా మూలుగుతున్న నీల, డాక్టరు చెప్పినట్టే బీడీలు చెయ్యడం ఆపేసింది. గోడ అవతల మంజుల మాత్రం వెయ్యి బీడీలు పూర్తయ్యేదాకా చాట ముందు నుంచి లేచేది కాదు. ఆమె ఎన్నడూ ఈర్ష్యగా ఒక్క మాట అనలేదు. కానీ నీల ముఖం చూసి నవ్వడం తగ్గించింది. నీలకు అదే ముల్లులా గుచ్చుకునేది. ఎందుకంటే నీలకు తెలిసిన సంగతి ఒకటి మంజులకు తెలియదు.

ఆ మధ్యాహ్నం బీడీల పని ఇచ్చే టేకేదారు నుంచి కబురొచ్చింది. వారం లోపల చేసిన బీడీల మాలు ముట్టకపోతే మంజుల పేరు మీదున్న పని బుక్కు ఇంకొకరికి ఇస్తాడట. నీల వెళ్లి చూస్తే మంజుల చాట ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో ఆకు చుట్టాలని చూస్తోంది. చుట్టిన ఆకు చుట్టినట్టే విచ్చుకుపోతోంది.

నీల కొంగుముడి విప్పి నోట్లు ఆమె పక్కన పెట్టింది.

"ఏందిది?"

"నాకు పడ్డ పైసలే. నీ చెయ్యి బాగయ్యేదాక ఉంచుకో."

"అద్దక్కా. నీ అదృష్టం నీకచ్చింది. దాని మీద నేను కన్నెయ్యలే."

"అదృష్టం కాదు మంజులా!"

ఆ మాట నోరు జారింది. ఇక దాచడం నీల వల్ల కాలేదు. అక్కడే గచ్చు మీద కూలబడింది.

"మీ అమ్మకు పాణం బాగలేదని నువ్వు కోరుట్ల పోయినవ్ సూడు, గప్పుడే సర్వే పిల్ల అచ్చింది. గీ నంబరు మీద ఎన్ని కుటుంబాలున్నయని అడిగింది. రెండని చెప్తే నా పేరు పోయి నీ పేరు అస్తదేమోనని భయమైంది. ఒక్కటే అని చెప్పిన."

మంజులకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లోని చాట పక్కకు నెట్టింది.

"అంటే... నేను గీ ఇంట్ల లేనని రాయించినవా?"

నీల తల వంచుకుంది.

"అడిగితే నేనే నీ పేరు రాపిద్దును గదక్కా! నీ నడుం సంగతి నాకెర్క లేదా? పైసలు పోతే పోనీ. నన్ను మనిషి లెక్కల్నే పెట్టకపోతివా!"

అన్నం తినడానికి ఇంటికొచ్చిన బాలకిషన్ గుమ్మంలోనే ఆగిపోయాడు. అతను భార్యను తిట్టలేదు.

"తమ్ముడు పోతప్పుడు నా చెయ్యి పట్టుకొని ఆమెను సూసుకో అన్నడు నీలా. వాడు ఫోన్ జేస్తే నేనిప్పుడు ఏమని చెప్పాలె?" అన్నాడు. అన్నం ముట్టకుండానే తిరిగి కార్ఖానాకు పోయాడు.

మర్నాడు పొద్దున్నే నీల సంస్థ ఆఫీసుకు వెళ్లింది. సర్వే చేసిన సుస్మిత అక్కడే ఉంది. నీల జరిగిందంతా చెప్పి, తన పేరు తీసి మంజుల పేరు పెట్టమంది.

సుస్మిత రాస్తున్నది ఆపి తలెత్తింది. "నంబరు ఒక్కటైనా పొయ్యిలు రెండుంటే ఇద్దరి పేర్లు రాస్తుంటిమి పెద్దమ్మా. చెప్తే ఇద్దరికీ అస్తుండె" అంది మెల్లగా. "ఇప్పుడు రాసుడు బందైంది. మా మేడంకు చెప్పి చూస్త గని, గ్యారంటీ లేదు. మీ పైసలు మీరు ఎవ్వరికిచ్చుకున్నా మేం అడుగం."

నీల బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. అబద్ధం తనకేమీ సంపాదించి పెట్టలేదు. నిజం చెప్పినా తన రెండు వేలు తనకు వచ్చేవి. తన భయం మంజుల నోటి దగ్గరి ముద్ద ఊరికే పడగొట్టింది. చాలాసేపు అక్కడే ఏడ్చింది. ఆపైన లేచి ఇంటికి కాదు, టేకేదారు దగ్గరికి నడిచింది. మంజుల బుక్కు మీద ఆకు, తంబాకు తెచ్చుకుంది.

గోడకు ఆనుకుని మళ్లీ చాట ఒళ్లో పెట్టుకున్న నీలను చూసి రాజక్క నెత్తి కొట్టుకుంది. "డాక్టరు అద్దన్నంక మళ్ల ఎందుకే?"

"నాకు కాదత్తా. మంజుల బుక్కు నిలవడాలె."

నాలుగు రోజులు నీల అట్లాగే చేసింది. నడుం మంట పుడితే కాసేపు నేల మీద వాలేది, మళ్లీ లేచేది. మాలు మంజుల పేరు మీదే ముట్టజెప్పింది. మంజులతో ఒక్క మాట చెప్పలేదు.

ఐదో రోజు పొద్దున మంజుల వచ్చింది. ఎడమ చేతిలో దువ్వెన ఉంది. జుట్టు చిక్కులు పడి భుజాల మీద పరుచుకుని ఉంది. నీల ముందు వీపు తిప్పి కూర్చుంది.

"జడెయ్యి. ఒంటిచేత్తోని అస్తలేదు."

నీల దువ్వెన అందుకుంది. చిక్కు తీస్తుంటే మంజుల ముందుకు చూస్తూనే అడిగింది.

"నా పేరు మీద మాలు ముట్టిందట."

"ఊఁ."

"నడుం నొస్తలేదా?"

"నొస్తుంది."

"నొయ్యనియ్యి" అంది మంజుల. మళ్లీ తనే, "అత్తకు చెప్పి నూనె రాపించుకో" అంది.

నీల దువ్వడం ఆపింది. దాచింది ఇంకొకటి ఉంది. అది చెప్పకుండా ఈ జుట్టు ముట్టుకునే హక్కు తనకు లేదనిపించింది.

"మంజులా, నేను నిజం చెప్తే మనిద్దరికీ పడుతుండెనట. పొయ్యికొక పేరట. ఇప్పుడు పేర్లు రాస్తలేరట."

మంజుల భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకుంది నీల. వంగి చూస్తే కళ్లలో నీళ్లున్నాయి, నవ్వుతోంది కూడా.

"ఎంత పిచ్చిదానివక్కా! ఇద్దరం కలిసి బ్యాంకుకు పోతుంటిమి."

"నన్ను తిట్టు మంజులా. కొట్టినా పడుత."

"చెయ్యి బాగైనంక కొడుత" అంది మంజుల ముక్కు తుడుచుకుంటూ. "ఆ పైసలు సగం తీసుకుంట. దానం కాదు, నా హక్కని తీసుకుంట. గాని ఇంకోసారి ఎవ్వరడిగినా నేను లేనని అనకు. ఆయన యాడనో ఉన్నడు, అమ్మ మంచంల ఉన్నది. నేనున్ననని చెప్పనీకె నాకు మీరే ఉన్నరు."

నీల ఆమె తలను తన గుండెకు అదుముకుంది. ఇద్దరూ ఏడుస్తుంటే గుమ్మంలో రాజక్క కొంగుతో కళ్లొత్తుకుంది.

కాసేపటికి మంజులే తేరుకుని సర్దుకు కూర్చుంది.

"గట్టిగెయ్యి అక్కా. పొద్దుమూకేదాక ఊడొద్దు."

"కదలకుండ కూసో మరి" అంది నీల. కన్నీళ్లు తుడుచుకుని, జుట్టును మూడు పాయలుగా తీసింది.