మెట్ల వెనక అచ్చు

"చూసినవా బిడ్డా?"

ఊర్మిల భుజం మీద బ్యాగు ఇంకా దించలేదు. పట్నం స్కూల్ టూర్ నుంచి అప్పుడే కోరుట్లకు తిరిగొచ్చింది. బాపమ్మ లసుమవ్వ గడప దగ్గరే కూర్చుని ఉంది.

వెళ్లే ముందు బాపమ్మ ఒక్కటే కోరింది.

"పట్నంల యూనివర్సిటీ లైబ్రరీ కట్టేటప్పుడు నేను నీయంత ఉన్న. కరువొస్తే మా ఊరు బోయినపల్లి నుంచి పనికి పోయినం. సున్నం గంపలు మోసిన. పెద్ద మెట్ల వెనక గచ్చుల మా తమ్ముడు సారయ్య అచ్చు ఉంటది. ఇంకున్నదో లేదో చూసి రా."

ఊర్మిల లైబ్రరీ అంతా చూసింది. రాతి కమానులు, ఎత్తయిన కప్పు. "పుస్తకాల మీద ఎండ పడొద్దని కిటికీలు ఉత్తరం దిక్కు పెట్టిన్రు," అని శ్రీధర్ సార్ చెబితే రాసుకుంది. మెట్ల వెనక్కి ఒక అడుగు వేసింది కూడా.

"అక్కడ చీపుర్లు తప్ప ఏమున్నయే?" అని పక్కనున్న స్నేహితురాలు దీప నవ్వింది.

మా బాపమ్మ ఇక్కడ సున్నం మోసింది అని చెప్పడానికి ఊర్మిలకు నోరు రాలేదు. వెనక్కి తిరిగింది.

"చూసిన బాపమ్మా," అంది ఇప్పుడు. "మంచిగనే ఉన్నది. చిన్న చెయ్యి. ఐదు వేళ్లూ కనబడుతున్నయ్."

బాపమ్మ తల అడ్డంగా ఊపింది.

"చెయ్యి గాదు బిడ్డా, కాలు. తడి గచ్చు మీద ఉరికిండు. గా ఎండకాలమే జరమొచ్చి పోయిండు. ఫోటో గూడ లేదు. గదొక్కటే."

తిట్టలేదు. "అలిసినవ్. కాళ్లు కడుక్కో," అని మెల్లగా లేచి లోపలికి వెళ్లింది. తిట్టినా బాగుండు అనిపించింది ఊర్మిలకు.

మర్నాడు అమ్మ చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పడానికి వెళ్లింది. దుబాయ్ నుంచి బాపు ఫోన్ చేశాడు.

"అవ్వ తిన్నదా?"

రోజూ అడిగే మాటే. టీవీ మీంచి కళ్లు తీయకుండా "తిన్నది" అనడం ఊర్మిలకు అలవాటు. ఈసారి ఆ మాట నోటి దాకా వచ్చి ఆగింది.

"ఉండు బాపూ. చూసొచ్చి చెప్త."

వంటింట్లో గిన్నె మూత తీసింది. అన్నం వండింది వండినట్టే ఉంది.

"తినలే బాపూ. నేను పెడ్త."

పళ్లెం తీసుకెళ్లి బాపమ్మ పక్కన కూర్చుంది.

"మెట్ల వెనకకు నేను పోలే బాపమ్మా."

బాపమ్మ ముద్ద కలుపుతూ, "ఎరుకే బిడ్డా," అంది.