పై నుంచి మొదటి రూల్

పంపు మళ్ళీ పెరిగింది!

ఐదు. ఆరు. ఏడు...

ఐసీయూలో నాలుగో బెడ్. దాని మీద ఆమె తమ్ముడు. వాడి నరంలోకి నొప్పి మందు ఎక్కించే పంపు అది. దగ్గర ఎవరూ లేరు. అంకె మాత్రం దానంతటదే ఎక్కుతోంది. ఇంకాస్త ఎక్కితే ఊపిరి ఆగిపోతుంది.

ఆమె ఆస్పత్రిలో లేదు. పన్నెండు కిలోమీటర్ల అవతల, కిటికీ లేని సర్వర్ రూమ్‌లో ఫైర్‌వాల్ ముందు కూర్చుంది. ఆస్పత్రి నెట్‌వర్క్‌కి కాపలా ఆమే.

టైం మూడూ నలభై. నాలుగింటికి మేజిస్ట్రేట్ వస్తాడు. తమ్ముడు క్రేన్ నడుపుతూ పై నుంచి కళ్ళారా చూసిన హత్య గురించి వాంగ్మూలం తీసుకుంటాడు. అందుకే మొన్న వాణ్ణి లారీతో గుద్దించారు. చావలేదు... మొండిఘటం!

ఇవాళ వైరు గుండా వచ్చారు.

హెడ్‌సెట్‌లో గేట్ సార్ ఉన్నాడు. ఈ పని నేర్పిన గురువు, ఇప్పుడు బాస్. "గేటు దగ్గర నిలబడటమేనమ్మా మన ఉద్యోగం" అని పదకొండేళ్ళుగా అనీ అనీ ఆ పేరు తెచ్చుకున్నాడు. వార్డు కాపలాలో ఉన్న ఇన్‌స్పెక్టర్‌కి తను ఫోన్ చేస్తానన్నాడు. నువ్వు ఫైర్‌వాల్ సంగతి చూడమన్నాడు.

చూస్తోంది.

ఆఫీసు కంప్యూటర్లు ఒక పక్క. ఐసీయూ మెషీన్లు ఇంకో పక్క. మధ్యలో ఫైర్‌వాల్. ఎవరు దాటొచ్చో, ఎవరు దాటకూడదో దాంట్లో రూల్స్ రాసి ఉంటాయి. పై నుంచి చదువుకుంటూ వస్తుంది. ముందు ఏది సరిపోతే అదే చెల్లుతుంది. దాని కింద ఎన్ని రాసినా బూడిదలో పోసిన పన్నీరే.

పంపుని ఆడిస్తున్నది బిల్లింగ్ గదిలో ఒక కంప్యూటర్. దాన్ని ఆపమని అన్నిటికన్నా పైన రూల్ రాసింది. సేవ్!

ఎనిమిది.

ఆగదే!

ఛ... పాత కనెక్షన్ తెరిచే ఉంది! కొత్త రూల్ కొత్తగా వచ్చేవాణ్ణే ఆపుతుంది. ముందే దూరినవాణ్ణి మనమే బయటికి గెంటాలి. తనని తాను తిట్టుకుంటూ గెంటింది.

వాడు పక్క కంప్యూటర్ నుంచి దూరాడు.

తొమ్మిది!

"ఒక్కొక్కణ్ణీ ఏరుకుంటూ కూర్చుంటే తమ్ముడు దక్కడమ్మా. మొత్తం మూసెయ్. రెండు వైపులా" అన్నాడు సార్.

ఆలోచించే టైం ఎక్కడుంది?

ఆఫీసుకీ ఐసీయూకీ మధ్య ఏదీ దాటకూడదు. అటు నుంచీ వద్దు, ఇటు నుంచీ వద్దు. మొదటి రూల్. సేవ్. పాత కనెక్షన్లన్నీ ఒక్క దెబ్బకి గెంటేసింది.

బయటి కనెక్షన్ తెగగానే పంపు డాక్టర్ పెట్టిన అంకెకి దిగిపోయింది.

మూడు.

ప్రాణం లేచొచ్చింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. ఆగింది సార్, మీరు లేకపోతే ఏమైపోయేదాన్నో అంది.

హెడ్‌సెట్‌లో సార్ కీబోర్డు టకటక వినిపించింది.

స్క్రీన్ మీద ఎర్ర గీత...

పంపింది నాలుగో బెడ్. చేరాల్సింది నర్సుల డెస్క్. అలారం. బ్లాక్ అయింది, రూల్ ఒకటి.

తను రాసిన రూలే!

నర్సుల డెస్క్ కంప్యూటర్ ఉన్నది ఆఫీసు వైపే. బెడ్ దగ్గర అలారం మోగితే ఈ ఫైర్‌వాల్ దాటితేనే నర్సుకి చేరుతుంది.

ఇంకో ఎర్ర గీత. ఇంకోటి!

కెమెరా తెరిచింది. కెమెరాల దారి వేరు, అది తెగలేదు. ఆస్పత్రి యూనిఫాంలో ఒకడు. మానిటర్ సౌండ్ అప్పటికే తీసేశాడు. తమ్ముడి మొహం మీద దిండు అదిమి పట్టాడు. కట్టు కట్టిన కాలు మంచానికేసి కొట్టుకుంటోంది.

రూల్ తీసెయ్యబోయింది.

మీ అకౌంట్ లాక్ అయింది.

లాక్ చెయ్యగలిగేది లోకంలో ఒక్కడే.

"సార్..."

"రూల్ పెట్టేముందు ఇంకెవరు ఆగిపోతారో చూసుకోమని మొదటిరోజే చెప్పాను కదమ్మా." గొంతులో తొణుకూ లేదు, బెణుకూ లేదు. "నీకు వాడు తమ్ముడు. వాడు నోరు విప్పితే జైలుకి పోయేవాడు నాకు అల్లుడు."

కంచే చేను మేసింది.

కాల్ కట్ చేసి ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ కొట్టింది. ఆయన నర్సుల డెస్క్ పక్కనే ఉన్నాడు. తనకెవరూ ఫోన్ చెయ్యలేదన్నాడు. స్క్రీన్ చూసి మరీ చెప్పాడు.

"ఇక్కడ అంతా పచ్చగానే ఉందమ్మా. పల్స్ డెబ్భై రెండు. కంగారు పడకండి."

"అవి కనెక్షన్ తెగకముందు అంకెలండీ. లోపలికి వెళ్ళండి... వాణ్ణి చంపేస్తున్నారు."

ఆయన పరుగెత్తాడు. కెమెరాలో కనిపిస్తూనే ఉంది. తలుపు, కారిడార్, ఇంకో తలుపు...

దిండు నేల మీద పడి ఉంది. వెనక తలుపు తెరిచి ఉంది. కాలు కొట్టుకోవడం లేదు.

నర్సు వచ్చింది. డాక్టర్ వచ్చాడు. తమ్ముడి గుండె మీద రెండు చేతులూ వేసి నొక్కాడు. నొక్కాడు... నొక్కాడు... చేతులు తీసేశాడు.

ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. ఇన్‌స్పెక్టర్ రొప్పుతున్నాడు. డెస్క్‌లో ఒక్క అలారం కూడా ఎందుకు మోగలేదని నర్సుని నిలదీశాడు. తర్వాత ఆమెనే అడిగాడు.

"ఎవరాపారమ్మా వాటిని?"

ఆమె ముందు ఇరవై మూడు ఎర్ర గీతలు. ప్రతి గీత పక్కనా రూల్ ఒకటి. రాసినవాళ్ళ పేరు దగ్గర ఆమె లాగిన్.

"నేనేనండీ" అంది.