ఫుల్ స్టాక్ రైఫిల్

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురు. కంటికి కట్టుతో తాత ఫ్రాన్సిస్. పొయ్యి దగ్గర అమ్మ ప్రమీల. వసారాలో తాత రైఫిల్ తుడుస్తూ నీరజ.

నాన్న జార్జి లేడు.

నాన్న రేపల్లెలో ఉన్నాడు. అక్కడే, సాయంత్రం ఐదున్నరకి, రైసుమిల్లు యజమాని బసవపున్నయ్య ఛాతీలోంచి తూటా దూసుకుపోయింది.

అది మొన్న.

ఇవాళ... నీరజ పరుగెడుతోంది!

తెనాలి స్టేషన్. ఫుట్‌బ్రిడ్జి మెట్లు రెండేసి దూకుతోంది. కింద బాపట్ల వెళ్ళే రైలు కదిలింది. చివరి బోగీ కడ్డీ చేతికి అందింది. ఎవరో ముసలామె జబ్బ పట్టి లోపలికి లాగింది.

"చావడానికి ఈ బండే దొరికిందా, మనవరాలా?"

నీరజ తలుపు పక్కనే చతికిలబడింది. క్లాసులో హాజరు పలకడానికే గొంతు పెగలని పిల్ల.

టైమ్ పదకొండూ నలభై. నాలుగింటికి నాన్నని జడ్జి ముందు నిలబెడతారు. అక్కడ్నుంచి జైలుకి.

పొద్దున ఎస్సై వంశీకృష్ణ అన్న మాటలు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి.

"ఎలక్షన్ కోడ్ వచ్చింది. లైసెన్స్ తుపాకులన్నీ అప్పగించేశారు. కొన్ని స్టేషన్లలో, కొన్ని బాపట్ల డీలరు దగ్గర. మీ తాతది ఒక్కటే ఇంట్లో ఉండిపోయింది. ఎందుకని?"

"కంటి ఆపరేషనండి... కట్టు విప్పాక ఇద్దామని..."

"ధాన్యం తడిగా ఉందని మొన్న పొద్దున మీ నాన్న లారీని బసవపున్నయ్య తిప్పి పంపాడు. సాయంత్రానికి చచ్చాడు. తూటా తవుడు కుప్పలో ఎక్కడో పోయింది. నేనేం అనుకోవాలి, చెప్పు?"

"రైఫిల్ ఆ టైముకి నా చేతిలోనే ఉందండి."

"కూతురి సాక్ష్యం!" ఎస్సై నవ్వలేదు.

అప్పుడు ఎస్సై వీడియో చూపించాడు. మిల్లు కూలీ ఎవరో ఫోన్లో తీశాడు, ఈపాటికి అందరి ఫోన్లకీ చేరింది. తొమ్మిది సెకన్లు. ముఖం మీంచి భుజం దాకా తువ్వాలు కప్పుకున్న మనిషి. చేతిలో రైఫిల్. ఒక్క దెబ్బ. తర్వాత తూటా ఎక్కించే పిడి పట్టి వెనక్కి లాగాడు, ముందుకు తోశాడు. మళ్ళీ పేల్చడానికి సిద్ధం.

నీరజ దాన్ని నలభైసార్లు చూసింది.

తాత రైఫిల్‌కి ఆ పిడి కొసన గోలీకాయంత గుండు ఉంటుంది. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆ గుండు తుడిచేది తనే. వీడియోలో పిడి బల్లపరుపు. చెంచా కాడలాగా!

ఇంకోటి. తాతదానికి ట్రిగ్గర్ ముందు తూటాల పెట్టె కిందికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఇందులో లేదు. అడుగు నున్నగా ఉంది.

"అది మాది కాదు సార్."

"నువ్వంటే చాలదమ్మా. తెలిసినవాడు కాగితం మీద రాసివ్వాలి. నాలుగింటిలోపు."

తెలిసినవాడు ఒక్కడే. బాపట్ల డీలరు కృష్ణకాంత్. ముప్పై ఏళ్ళుగా తాత రైఫిల్ బాగుచేస్తున్నది ఆయనే.

బాపట్ల. ఆటో. సగం దించిన షట్టరు. నీరజ వంగి దూరింది.

"ఫ్రాన్సిస్ మనవరాలివి కదూ? ఎంత ఎదిగిపోయావే అమ్మడూ. ఎవరితో వచ్చావు?"

"ఒక్కదాన్నేనండి, తాతగారూ."

"ఎండనపడి వచ్చావు. మజ్జిగ తాగు."

"వద్దండి. ముందు ఈ వీడియో చూడండి."

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. ఒక్కసారే.

"మీ తాతదే. పాపం జార్జి."

నీరజ వెనక్కి తిరగబోయింది. కానీ... నాలుగింటికి నాన్న!

"మా మోడల్‌ది ఇంకోటి ఉంటే... పక్కన పెట్టి చూద్దామండి."

"నీ పట్టుదల మాత్రం అచ్చం తాతదే." ఆయన నవ్వి తాళాలు తీశాడు.

స్ట్రాంగ్‌రూమ్. ఇనుప తలుపు. కిటికీ లేదు. అప్పగించిన తుపాకులు గోడ పొడుగునా, ఒక్కోదానికీ చీటీ. కొన్నిటికి గోనెపట్టా చుట్టి ఉంది.

ఆయన ఒకటి తీసిచ్చాడు. గుండు. పెట్టె. అచ్చం తాతదే. నీరజ పక్కన ఫోన్ పెట్టింది.

"ఇందులో పెట్టె లేదు కదండీ. ఇది హాఫ్ స్టాక్ మోడల్ అనుకుంటా. తాత పుస్తకంలో బొమ్మ చూశాను."

"హాఫ్ స్టాకా?"

ఆయన ముఖం ఎర్రబడింది. ఎవరో చెయ్యి చేసుకున్నట్టు.

"హాఫ్ స్టాక్‌లో కర్ర గొట్టం సగంలోనే ఆగిపోతుంది. ఇక్కడ మూతి దాకా కర్రే, కనపడట్లేదూ? ఫుల్ స్టాక్. పొట్టి గొట్టం. విలాయతీ సరుకు. తెలిస్తే మాట్లాడాలి, లేకపోతే ఊరుకోవాలి."

నీరజ ఫోన్ ఆయన ముందుకు జరిపింది.

"అయితే... మాది కాదు కదండీ?"



ఆయన నెమ్మదిగా అద్దాలు తుడుచుకున్నాడు.

"కాదులే. దేశంలో ఇలాంటివి వందలున్నాయి. ఎవడిదో ఏమో."

"అదే రాసివ్వండి, తాతగారూ. మోడల్‌తో సహా. లేకపోతే ఎస్సైగారు నమ్మరు."

ఆయన తలుపు దగ్గరి బల్ల మీద పుస్తకం లాక్కున్నాడు. తుపాకీ అప్పగించినవాళ్ళకి రసీదు రాసిచ్చే పుస్తకం. రేపు ఎవరూ పేచీ పెట్టకుండా ప్రతి గీతా, ప్రతి సొట్టా అందులో రాయడం ఆయన అలవాటు. పెన్ను ఆగకుండా పరుగెత్తింది. చర్రున కాగితం చించి ఇచ్చాడు.

నీరజ చదివింది. నాన్న బయటికి వచ్చేస్తాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

'ఫుల్ స్టాక్, పొట్టి గొట్టం, చెంచా పిడి. బట్ కుడిపక్క పగులు, ఇత్తడి తీగ చుట్టినది.'

మళ్ళీ చదివింది.

"బట్... భుజానికి ఆనించే ఆ కర్ర తువ్వాలు కింద ఉంది కదండీ. వీడియోలో కనపడదు."

అన్నాక తెలిసింది, అనకూడదని!

తల ఎత్తింది. ఆయన అప్పటికే గడప అవతల ఉన్నాడు.

"బసవపున్నయ్య మా చెల్లెలి ఉసురు పోసుకున్నాడు. మీ నాన్న మీద నాకేం కోపం లేదు, అమ్మడూ. నీ మీదా లేదు." గొంతులో అదే ఆప్యాయత. "నీ వెనకే ఉంది. గోనెపట్టాలో. హాఫ్ స్టాకో, ఫుల్ స్టాకో... తీరిగ్గా చూసుకో."

ఇనుప తలుపు మూసుకుంది.